నా చోట్లోకి వచ్చినది

నేను ఒక ఆటోమేటిక్ గేర్‌బాక్సును. పుట్టింది సముద్రం అవతలి ఫ్యాక్టరీలో. ఇప్పుడు పడి ఉన్నది విజయవాడ ఆటోనగర్‌లో, మెకానిక్ సుభానీ షెడ్డు గోడ పక్కన. నా చోట్లో ఇంకొకటి తిరుగుతోంది. దాన్ని తలుచుకుంటేనే నాకు ఒళ్లు మంట.

కారు బాగా నడిస్తే పేరంతా ఇంజనుకే. దానికి నేను అలవాటు పడ్డాను. నా మొదటి యజమాని ఒక బియ్యం వ్యాపారి. క్లచ్ లేని కారని ఊరంతా తిప్పి చూపించుకున్నాడు. చూసేవాళ్లు అయిపోగానే అమ్మేశాడు.

కొన్నది కరుణావతి. ఆడవాళ్లకు కుట్టుపని నేర్పుతుంది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమ కాలు సన్నబడింది. క్లచ్ తొక్కడం ఆమె వల్ల కాదు. ఆమెను రోడ్డెక్కించింది ఇంజను కాదు, నేను. మిట్ట వచ్చినా మలుపు వచ్చినా గేరు మార్చే కష్టం నాది. ఇన్నేళ్లలో ఆమె నన్ను ఒక్కసారి కూడా చూడలేదు. ఫరవాలేదు. ఆమె నాది అనుకున్నాను.

కిందటి ఎండాకాలం ఫ్లైఓవర్ ఎక్కుతుండగా నేను జారాను. ఇంజను అరుస్తోంది, కారు కదలదు. నా సీలు అరిగి నూనె కొద్దికొద్దిగా కారిపోయింది. నాకు కావలసింది నూనె. అంతే.

కారును షెడ్డుకు లాక్కొచ్చారు. సుభానీ ఇంజను స్టార్టు చేసి, విని, ఆపాడు. నూనె మట్టం చూసే కొలపుల్ల లాగి, తుడిచి, ముంచి చూశాడు. ఇంజను ఆయిలు చూసే పద్ధతి అది. పుట్టినప్పటినుంచి అతను చూసింది అదే. నా నూనె అలా చూడకూడదు. ఇంజను ఆపితే లోపల తిరిగే నూనె కూడా కిందికి దిగి, పుల్ల మీది గీత దాకా నిండినట్టు కనిపిస్తుంది. ఇంజను నడుస్తుండగా చూడాలి.

"ఆయిలు ఫుల్లుగా ఉందమ్మా. గేర్‌బాక్సే పోయింది."

"బాగవదా సుభానీ? కారు లేకపోతే మళ్లీ ఆటోవాళ్లని బతిమాలుకోవాలి నేను."

"దీన్ని ఇప్పి బాగుచేసేవాడు లేడమ్మా. తుక్కుకొట్లో ఇంకోటి చూశా. అదేస్తే ఎన్నాళ్లైనా తిరుగుద్ది."

పక్క షెడ్డు వెల్డరు ఏసోబు నన్ను బూటుతో తట్టాడు. "ముసల్దైపోయిందిలే, పీకి పారెయ్ బావా."

నన్ను గొలుసు కట్టి దింపారు. అది వచ్చింది. ఎక్కడో గుద్దుకున్న కారులోది. దాన్ని కిరసనాయిలుతో కడిగారు, గుడ్డతో తుడిచారు. నా ఒంటి మీద ఎన్నడూ ఒక గుడ్డ పడలేదు.

దాంట్లో నూనె పోశారు. ఇంజను ఆపి ఉండగానే గీత చూసి చాలన్నారు. కరుణావతి కారెక్కింది. సందు మలుపు దగ్గరే అది జారింది. నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోను.

"దీనిదీ అదే రోగమా?" అందామె. "ఇంక కారు అమ్మేస్తాను సుభానీ. నా వల్ల కాదు."

"అమ్మమాకండమ్మా, ఆగండి. ఇంకోసారి చూద్దాం."

అతను ఇంజను ఆపబోయి ఆగాడు. బ్యాటరీ నీరసంగా ఉంది. మావంటివి ఉన్న కారును తోసి స్టార్టు చెయ్యలేరు. అందుకని ఇంజను తిరుగుతుండగానే కొలపుల్ల లాగాడు. చివర తడి లేదు.

చాలాసేపు పుల్ల వంకే చూశాడు. తర్వాత నూనె పోశాడు, చూశాడు, మళ్లీ పోశాడు. కారు వెన్నలా కదిలింది.

ఏసోబు నా వైపు తిరిగాడు. "అయితే బావా, పాతదానిదీ ఇదే రోగమేమో?"

"నోరు ముయ్యరా."

"ఏంటంటున్నాడు?" కరుణావతి కిటికీలోంచి అడిగింది.

"ఏం లేదమ్మా. కొత్తది బాగా కుదిరిందంటున్నాడు."

"నిజమే సుభానీ. పాతది ఎప్పుడూ ఇంత మెత్తగా వెళ్లలేదు," అందామె నవ్వుతూ.

ఆ మాట అని వెళ్లిపోయింది.

సుభానీ నా దగ్గరికి వచ్చి కాసేపు నిలబడ్డాడు. ఏదో అంటాడనుకున్నాను. టిఫిను డబ్బా తెచ్చి నా మీద పెట్టుకుని, నిలబడే అన్నం తిన్నాడు.