ఎరుపులో సగం కెమిస్ట్రీ

"రుబ్బడం కూడా ఒక చదువేనా?" అన్నాడు మా ఆయన, నా సన్నెకల్లు పక్కనుంచి దాటుకుంటూ. నేను తల ఎత్తలేదు. నాగజెముడు ఆకుల మీంచి గీరి ఎండబెట్టిన ఎర్రరంగు పురుగుల్ని పొడి చేస్తున్నాను. మధ్యలో చెయ్యి ఆపితే పొడి బరకగా ఉండిపోతుంది, బరక పొడి వేస్తే ఉన్ని మచ్చలు మచ్చలుగా ఎర్రబడుతుంది.

ఆయన ఆ మాట అన్నది నన్ను కాదు, నా మనవరాలు ఇరాసెమాని. ఒహాకా పట్నంలో కొత్త రకం డిగ్రీ ఒకటి పెట్టారు. ఒక పక్క బొమ్మలు, నేత, ఇంకో పక్క కెమిస్ట్రీ, రెండూ కలిపి ఎవరి చదువు వాళ్ళే గీసుకోవచ్చట. పిల్ల మూడు నెలలు కూర్చుని ప్లాను రాసుకుంది. కాగితం అడుగున, ఈ పిల్లకి నాలుగేళ్ళు నా పని నేర్పుతానని చేతిపని గురువు ఎవరైనా సంతకం పెట్టాలి. గడువు శుక్రవారం. గురువు పనిని కళ్ళారా చూడటానికి కాలేజీ నుంచి ఓఫెలియా టీచర్ గురువారం వస్తారు.

మా ఊళ్ళో గురువంటే మగ్గం ముందు నిలబడేవాడు. అంటే మగవాడు. అందుకని పిల్ల తాతయ్యనే అడిగింది.

"పెడతానే, సంతకానికేం భాగ్యం! కానీ ఆ కెమిస్ట్రీ కొట్టెయ్. బొమ్మలు నేర్చుకుని నా తివాచీలకి కొత్త డిజైన్లు గియ్యి. సీసాలూ గొట్టాలూ నీకెందుకు? ఎరుపు ఎలా వస్తుందో మీ అమ్మమ్మకి తెలీదూ? ఏ కాలేజీకి వెళ్ళిందని? అది వంటలాంటిదే."

"వంటలోనూ కెమిస్ట్రీ ఉంది తాతయ్యా."

"అయితే వెళ్ళి వంట చెయ్."

దాని తల్లి, అంటే నా కూతురు, సంతలో జున్ను అమ్ముతుంది. "నాన్న ఏమంటే అదేనమ్మా" అని ఊరుకుంది. బుధవారం సాయంత్రం పిల్ల వంటింటి గడప మీద కూర్చుని, కెమిస్ట్రీ అని రాసిన చోటల్లా అడ్డంగా గీతలు కొట్టింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు ఇంకాస్త తేలికగా ఉండేది.

వంటలాంటిదే. ఆ మాట నేను కొత్తగా విన్నది కాదు. పదహారేళ్ళకి ఈ ఇంటికి వచ్చాను, బళ్ళో మూడో తరగతి దాటలేదు. వచ్చిన మర్నాడే మా అత్తగారు నాలుగు ఉన్నిదారం చిలపలు నా ఒళ్ళో పడేసి, "మగవాళ్ళు నేస్తారు, మనం మిగతాది చూసుకుంటాం" అంది. ఆ మిగతాదేమిటో అప్పుడు తెలీలేదు. గొర్రె ఉన్ని ఏట్లో కడగడం, ఏకడం, వడకడం, పురుగుల్ని సాకడం, పటికలో నానబెట్టడం, రంగు కాచడం, పొగకి కళ్ళు మండటం, పొయ్యి మీద కుండ ఉండగానే ముగ్గుర్ని కనడం, అంతా మిగతాదే. తివాచీ మూలన మాత్రం ఆయన పేరులోని అక్షరాలు నేస్తారు. చూడటానికి జనం వస్తే ఆయన అరచేతిలో పురుగుని నలిపి, నిమ్మరసం పిండి, ఎరుపు నారింజగా మారడం చూపిస్తాడు. అందరూ ఆ అరచేతిని ఫోటో తీసుకుంటారు. నిమ్మకాయ కోసి అందించేది నేను. ఒకసారి ఎవరో "ఈవిడ?" అని అడిగితే, "మా ఇంటావిడ, చాక్లెట్ బాగా కాస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకే నా మీద నాకు ఇప్పటికీ కోపం.

గురువారం టీచర్ వచ్చింది. సన్నగా, నుదుటి మీద చెమటతో, చేతిలో పిల్ల కాగితాలతో. "అయ్యా, ఒక చిలపకి నా ముందే ఎరుపు వేసి చూపిస్తారా?" అంది.

"అదెంతసేపు!" అని మా ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు. నేను టీచర్‌కి చాక్లెట్ గిన్నె అందిస్తున్నాను. పొయ్యి దగ్గర రెండు బకెట్లున్నాయి. ఒకదాంట్లో రంగు కోసం దాచిన వాననీళ్ళు. రెండోదాంట్లో, పొద్దున తోర్తియా రొట్టెల కోసం మొక్కజొన్నలు సున్నమేసి ఉడికించి వార్చిన నీళ్ళు, అడుగున మడ్డి దిగి పైన తేటగా ఉన్నాయి. వంటింట్లో ఒక్కపూట నిలబడ్డవాడైనా వాసనతోనే చెబుతాడు. ఆయన రెండోది ఎత్తాడు.

చూశాను. "అది కాదయ్యా" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. యాభై రెండేళ్ళుగా అలా వెనకనుంచి అందిస్తూనే ఉన్నాను. ఆ పూట అందించలేదు. పిల్ల కూడా చూసి నావైపు తిరిగింది. నేను చెబితే ఆయన పరువు నిలుస్తుంది, సంతకం ఉంటుంది, పిల్ల జన్మంతా ఆయన మగ్గానికి బొమ్మలు గీస్తుంది. చెప్పకపోతే ఆయన పరువు పోతుంది, సంతకమూ పోతుంది.

ఆ నీళ్ళు కుండలో పోసి కాచాడు, పొడి వేశాడు. చిలప ముంచాడు. కుండంతా వంకాయ రంగుకి తిరిగింది.

టీచర్ ముందుకి వంగింది. "ఎందుకిలా అయిందండీ?"

ఆయన కుండకేసి చూశాడు, తర్వాత నాకేసి. "ముసలిది నీళ్ళలో ఏదో కలిపి ఉంటుంది. నీళ్ళు పెట్టడం కూడా చేతకాదు దీనికి."

గిన్నె కింద పెట్టి లేచాను.

"నేనేం కలపలేదమ్మా. ఆయన పోసింది సున్నపు నీళ్ళు. సున్నం తగిలితే ఈ ఎరుపు ఊదాకి పోతుంది, పులుపు తగిలితే వెనక్కి వస్తుంది. ఎంత పులుపుకి ఎంత వస్తుందో నా చేతికి తెలుసు. ఎందుకు వస్తుందో నాకు తెలీదు. ఆ 'ఎందుకు' తెలుసుకోడానికే ఈ పిల్ల చదువుతానంటోంది."

నిమ్మకాయలు ఒక్కొక్కటే పిండాను. కలియబెట్టి, ఆగి, మళ్ళీ పిండాను. ఏడో కాయకి ఊదా విరిగింది. తొమ్మిదోదానికి చిలప ఎర్రగా పైకి వచ్చింది.

"ఈ ఇంట్లో గురువు ఒక్కడే!" అని అరిచాడు మా ఆయన. "నా సంతకం లేదు. ఎవరు పెడతారో చూస్తా." వాకిలి తలుపు ధడాలుమంది.

టీచర్ కాగితాలు తిరగేసింది. "ఇరాసెమా, ఈ గీతలు కొట్టింది నువ్వేనా?"

పిల్ల తల ఊపింది.

"మళ్ళీ రాయవే," అన్నాను. "కొట్టేసిందంతా రాయి." టీచర్‌ని అడిగాను, "అమ్మా, గురువు మగ్గం నెయ్యాలని ఉందా అందులో?"

"చేతిపని తెలిసి ఉండాలని ఉంది. అంతే."

పెన్ను తీసుకున్నాను. బళ్ళో నేర్చిన అక్షరాలు ఎప్పుడో మరిచిపోయాను, ఓటు కార్డు కోసం మళ్ళీ నేర్చుకున్న సంతకం తప్ప నాకు రాత రాదు. బ్రిహిదా అని నా పేరు పూర్తిచేసేసరికి పిల్ల రాయాల్సింది రాసేసింది. పక్కన వృత్తి అని గడి ఉందట. "ఏం రాయను అమ్మమ్మా? కార్డులో ఇంటిపని అని ఉంది."

"రంగు గురువు అని రాయి."

పొద్దు వాలాక మా ఆయన తిరిగొచ్చాడు. ఏమీ జరగనట్టు టోపీ కొయ్యకి తగిలించి, "మంగళవారానికి ఆరు ఎర్ర చిలపలు కావాలి, పెద్ద తివాచీకి" అన్నాడు.

"మంగళవారం కుదరదు. ఇరాసెమాకి మొదటి పాఠం. నీకు ఎరుపు కావాలంటే, వచ్చి దాని పక్కన కూర్చో."