గంజి పట్టీ, పిండి ముద్ద

సుల్తానాబాద్ భజన మండలిలో దశరథం వాయించే హార్మోనియం పెట్టె ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా పాట నడిమధ్యలో ఆగలేదు. ఇది ఒట్టి మాట కాదు. ఆయన పెద్దపల్లిలో పెట్టె విప్పి తిత్తి లాగితే, ఆ గాలికి గోదావరి అవతల భైంసాలో పత్తి దుకాణాల ముందు దూది లేచేదని అక్కడి సేట్లే చెప్పుకునేవారు. నమ్మనివాళ్లు నమ్మకండి. నమ్మేవాళ్లు మాత్రం కాస్త ముందుకు జరిగి కూర్చోండి.

దశరథం మగ్గం నేసేవాడు. పెట్టె వాళ్ల బాపుది. బాపు షోలాపూర్ మిల్లులో పనిచేసి, నైజాం రోజుల్లో తిరిగొచ్చేటప్పుడు బట్టల మూట అక్కడే వదిలేసి ఈ పెట్టెను నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఆయన పోయాక ఇల్లు పెద్ద కొడుక్కీ, పెట్టె చిన్న కొడుకైన దశరథానికీ వచ్చాయి. వాటా పంచినవాళ్లు దశరథాన్ని చూసి జాలిపడ్డారు. దశరథం మాత్రం అన్నను చూసి జాలిపడ్డాడు. పగలంతా మగ్గం గుంటలో కాళ్లాడించి, పొద్దుగూకే వేళకు పెట్టె మీద వేళ్లాడిస్తే తప్ప ఆయనకు బువ్వ సహించేది కాదు.

పందొమ్మిది వందల అరవై ఒకటి, శ్రావణమాసం. మూడు రోజులుగా ముసురు పట్టింది. పెద్దపల్లి నేతకారుల వాడలో సప్తాహం పెట్టారు. సప్తాహమంటే ఏడు రోజులు రాత్రింబగళ్లు భజన నడవాలి. నామం ఆగకూడదు, శ్రుతి తెగకూడదు. ఒక్కో ఊరి మండలికి మూడు గంటల వంతు. వంతు మారేటప్పుడు కొత్తవాళ్లు వచ్చి పాతవాళ్ల పక్కనే కూర్చుంటారు. నడుస్తున్న పాటలోనే గొంతు కలిపి, శ్రుతి అందుకున్నాకే పాతవాళ్లు ఒక్కొక్కరుగా లేస్తారు. ఎవరి వంతులో శ్రుతి తెగితే ఆ ఊరికి మరుసటేడు పిలుపు రాదు. సుల్తానాబాద్‌వాళ్ల వంతు గురువారం పగలు పన్నెండు నుంచి మూడు దాకా.

బుధవారం సాయంత్రం అందరూ వాహెద్ మైకు దుకాణంలో చేరారు. వాహెద్ ఇనుప బూరను బూడిదతో తోముతున్నాడు. మద్దెల బాలమల్లు గడప మీద కూర్చుని మద్దెల వార్లు బిగిస్తున్నాడు. దశరథం పెట్టె విప్పి ఒక్క స్వరం పట్టాడు. స్వరం వెనకే సన్నగా ఇంకో చప్పుడు వచ్చింది.

"బావా, నీ పెట్టె పాడుతున్నదా, దగ్గుతున్నదా?" అన్నాడు బాలమల్లు.

"నీ మద్దెల సంగతి చూసుకో పో. ఎడమ దిక్కు పిండి పెట్టకుంటె అది రేకుడబ్బ."

"పెడితెనే గద మద్దెలయ్యేది! నువ్వు తినకుంట పాడుతవా? దానికి గోధుమపిండి, నాకు జొన్నరొట్టె. ఇద్దరం తిన్నంకనే పని."

మద్దెల ఎడమ మూతకు తడి గోధుమపిండి ముద్ద అద్దితే గాని 'ధుం' అనే ఆ బరువైన మోత రాదు. బాలమల్లు ఇంట్లో గోధుమపిండి రొట్టెలకు వాడగా దశరథం ఏనాడూ చూడలేదు.

వాహెద్ బూర పక్కన పెట్టి ఇద్దరినీ చూసి నవ్వాడు. "మీ ఇద్దరిది ఏమున్నది భాయ్! గీ బూర లేకుంటె మీ భజన మీ అరుగు దాటదు. నా బ్యాటరీ జర అలిగిందనుకో, మీరు ఊకె నోర్లు ఆడిస్తున్నట్టే కనవడతరు."

"మరి నీ మైకుల అంతన్న గొంతు గట్లెందుకొస్తదయ్యా?" అన్నాడు బాలమల్లు.

"మైకు ఏమిస్తె అదే ఇస్తది. దానికి మొహమాటం తెల్వది."

అప్పుడే అంతన్న అనబడే అంతయ్య గొడుగు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. మండలికి పెద్ద ఆయనే, ముందు పాడేదీ ఆయనే. గొంతు ఎత్తితే వాన చప్పుడు వినబడేది కాదు. కాకపోతే దానికి ఒక గుణముండేది. పెట్టె శ్రుతి చెవిన పడుతున్నంతసేపు బండి కట్టిన ఎద్దులా దారిన పోయేది. శ్రుతి కాస్త దూరమైతే చాలు, పలుపు తెంపుకుని ఏ చేనులో పడుతుందో చెప్పడం కష్టం.

అంతయ్య పెట్టె దగ్గర వంగి తిత్తి నొక్కాడు. బుస్సుమంది.

"పామును పెంచుతున్నవారా లోపల?"

"తిత్తి జర చిరిగిందన్నా. కరీంనగర్ తీస్కపోయి తోలు ఏపిస్త."

"ఎప్పుడేపిస్తవ్, రేపు భజన అయినంకనా? ఇను దశరథం. రేపు మన ఎనుక కూసునేది కరీంనగర్ మండలి. ఆళ్ల పర్శరాములు కొత్త పెట్టె తెచ్చిండు. ఆడు నా మేనల్లుడే, రమ్మంటె మన మండలికి రానంటడా? రేపు నీ పెట్టె ఆగిందనుకో, ఇగ పెట్టెకాడ ఆడే కూసుంటడు. నీకు తాళాలిస్త, కొట్టుకో."

బాలమల్లు వార్లు బిగించడం ఆపాడు. దశరథం పెట్టె మూసి, కొక్కెం వేసి, కండువా కప్పి ఇంటికి నడిచాడు. తాళాలు కొట్టడం తప్పు పని కాదు. కాని బాపు నెత్తిన మోసుకొచ్చిన పెట్టె ఇంట్లో మూలన ఉంటే, తాను పందిట్లో ఇత్తడి బిళ్లలు తట్టుకుంటూ కూర్చోవడం ఆయన ఊహకు అందలేదు.

ఇంట్లో దీపం ముందు తిత్తి విప్పి చూస్తే మడత దగ్గర వేలంత చిరుగు. దశరథం మగ్గం మనిషి. మగ్గం మనిషికి ఏది చిరిగినా, ఏది వదులైనా గుర్తొచ్చేది ఒక్కటే. పడుగు నూలుకు పెట్టే గంజి కాచాడు. తన మగ్గం మీద నేసిన సన్నబట్ట ముక్క ముంచి చిరుగు మీద మూడు వరసలు అతికించాడు.

భార్య అనసూర్య పొయ్యి దగ్గర నుంచి చూస్తూ ఉంది. "గంజితోని పెట్టె బాగుచేసినోన్ని నిన్నే చూసిన. గీ ముసురుల అది ఆరుతదా?"

"నిప్పులకాడ పెడితె ఎందుకారది? పోగును నిలవెట్టే గంజి గాలిని నిలవెట్టదా?"

పొద్దుటికి పట్టీ ఎండి రేకులా అయింది. తిత్తి లాగితే చిన్న బుస కూడా లేదు. దశరథం పొంగిపోయాడు.

పెద్దపల్లి బస్సు నిండిపోయి వచ్చింది. పెట్టె, మద్దెల, వాహెద్ బూరలు, బ్యాటరీ, అతని మైకు సామాను పెట్టుకునే దేవదారు డబ్బా అన్నీ బస్సు పైకి ఎక్కించారు. వాటి పక్కనే శంకరవ్వ అనే ముసలామె తన మేకను కట్టించింది. దశరథం పెట్టె పెద్దపల్లిలో దిగేటప్పటికి మూతకు వేసిన కొక్కెం ఊడి ఉంది. మేక నోట్లో తెల్లని బట్ట పీలిక ఆడుతోంది. మేక ఎవరిదో చొక్కా తిన్నదని నవ్వుకుని, దశరథం పెట్టె నెత్తిన పెట్టుకుని పందిరివైపు నడిచాడు.

అవును, మీరు ముందే గ్రహించారు. ఆయనే గ్రహించలేదు.

పన్నెండు గంటలకు ముందరి మండలి పక్కన కూర్చుని పాట అందుకున్నారు. పెట్టె మంచిగానే పలుకుతోంది. వాహెద్ ఒకే ఒక మైకును అంతయ్యకూ పెట్టెకూ మధ్య నిలబెట్టాడు. ఆడవాళ్లు పిల్లలనెత్తుకుని వచ్చారు, మగ్గాల మీది నుంచి మగవాళ్లు లేచి వచ్చారు. పందిరి అంచున కరీంనగర్ మండలి తమ వంతు కోసం ముందే వచ్చి కూర్చుంది. పర్శరాములు ఒళ్లో కొత్త పెట్టె, దాని మీద ఎర్ర మఖ్మల్ గుడ్డ.

అరగంట గడిచింది. దశరథం చేతికి తిత్తి తేలికగా తగిలింది. ఇంకాస్త గట్టిగా లాగాడు. బుస్సుమంది. ఇంకా గట్టిగా లాగాడు. పట్టీ ముక్క ఒకటి ఎగిరి ఆయన మోకాలి మీద పడింది. పెట్టె ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది.

మొదట్లో నేను ఒక్కసారి కూడా ఆగలేదని అన్నాను కదా? ఆ మాటను కొట్టేసుకోండి. ఆగింది. నిండు పందిట్లో, పట్టపగలు, మైకు ముందు ఆగింది.

వెనకవాళ్లు వంత పాడుతున్నారు కాబట్టి నామం ఆగలేదు. కాని అంతయ్య చెవిన శ్రుతి లేదు. ఆయన గొంతు మొదట ఒక మెట్టు ఎక్కింది. ఎవరూ వద్దనకపోయేసరికి రెండో మెట్టు ఎక్కింది. వెనకవాళ్ల మెడ నరాలు ఉబ్బుతున్నాయి. దశరథం అరచేయి చిరుగుకు అడ్డం పెట్టాడు. చిరుగు మూసిన చేయి తిత్తి లాగలేదు. తిత్తి లాగే చేయి చిరుగు మూయలేదు. ఆయన కళ్ల ముందు ఎర్ర మఖ్మల్ గుడ్డ ఒక్కటే కనిపిస్తోంది.

ఒళ్లో ఏదో తడిగా, మెత్తగా, ఠప్పున పడింది. చూస్తే గోధుమపిండి ముద్ద.

బాలమల్లు కుడిచేత్తో దరువు ఆపకుండానే ఎడమచేత్తో మద్దెల మూత మీది పిండిని గోకి విసిరాడు. "మెత్తు బావా! ఏం జూస్తున్నవ్, రొట్టె చేస్తవా?" అని పాట సందులోనే పళ్లు బిగించి అన్నాడు.

దశరథం కండువా అంచు చింపి, దాన్ని పిండిలో అదిమి చిరుగు మీద మెత్తాడు. తిత్తి లాగాడు. గాలి నిలిచింది. కాని ఏ మెట్టు మీద చెయ్యి పెట్టాలి? పాట మొదలైన చోట అంతయ్య లేడు. అక్కడే వాయిస్తే శ్రుతి ఒక దిక్కు, గొంతు ఒక దిక్కు. దశరథం కళ్లు మూసుకున్నాడు. ఏళ్ల తరబడి ఆ గొంతు వెనక నడిచిన చెవి ఆయనది. అంతయ్య పీల్చుకున్న ఊపిరిని బట్టే పైన రెండున్నర మెట్ల దగ్గర ఉన్నాడని పట్టేశాడు. అక్కడే వేలు పెట్టాడు. తప్పిపోయిన ఎద్దు మెడ మీద చెయ్యి పడ్డట్టు అంతయ్య గొంతు నెమ్మదించింది. చరణం చివర దశరథం ఒక మెట్టు దిగాడు; వెనకే అంతయ్య దిగాడు. తరవాతి చరణానికి ఇద్దరూ మళ్లీ ఇంటికి చేరారు. వెనకవాళ్ల మెడలు మామూలయ్యాయి.

ఇక మద్దెల మిగిలింది. పిండి పోయిన ఎడమ దిక్కు నిజంగానే రేకుడబ్బలా టకటకమంటోంది. బాలమల్లు మొహం వాడిపోయింది. పందిరి గుంజకు ఆనుకుని చూస్తున్న వాహెద్ తన దేవదారు డబ్బాను బోర్లించి, కాలితో బాలమల్లు ఎడమ పక్కకు నెట్టాడు.

"దీని మీద వెయ్ భాయ్. ఫికర్ చెయ్యకు, గట్టిదే."

బాలమల్లు కుడిచెయ్యి మద్దెల మీద, ఎడమచెయ్యి డబ్బా మీద. వాహెద్ మైకును నేలకు దించి డబ్బా ముందు పెట్టాడు. బూరలోంచి వచ్చిన ఆ 'ధుం'కు పందిరి తాటాకుల మీది నీళ్లు జలజలా రాలాయి. జనం ఒక్కసారిగా చప్పట్లు అందుకున్నారు. బజారులో సైకిళ్లు ఆపి లోపలికి వచ్చారు. మూడు గంటలు కాకముందే అదేదో బొంబాయి నుంచి దిగిన వాయిద్యమని పెద్దపల్లిలో సగం ఊరు నమ్మింది. నడుమ శ్రుతి తెగిన సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

వంతు మారింది. కరీంనగర్‌వాళ్లు శ్రుతి అందుకున్నారు. సుల్తానాబాద్‌వాళ్లు ఒక్కొక్కరే లేచి పందిరి వెనక చాయ్ దగ్గర చేరారు. దశరథం మాత్రం దూరంగా నిలబడ్డాడు. అంతయ్య వచ్చి పెట్టె తెరిచి, తిత్తి మీద ఎండి పగిలిన పిండిని వేలితో గీకి చూశాడు.

"ఆగింది గద," అన్నాడు.

"ఆగిందన్నా." దశరథం తల ఎత్తలేదు. "ఆ తాళాలు ఇయ్యి మరి."

"ఇస్త గని, ఒకటి చెప్పు. నేనెంత దూరం పోయిన?"

దశరథం బాలమల్లు వైపు చూశాడు. బాలమల్లు చాయ్ గ్లాసులోకి చూశాడు.

"రెండున్నర మెట్లన్నా."

అంతయ్య కండువాతో మెడ తుడుచుకున్నాడు. "నాకు ఎరుకైంది. ఎరుకైంది గని మర్లి వచ్చే తొవ్వ దొర్కలే. ఆ పర్శరాములు పెట్టె కొత్తదే. నేను ఎటువోయిన్నో ఆనికేం ఎరుక? పాత జాగలనే కూసోని, నేను వస్తనేమో అని జూస్తడు." పెట్టె మూసి దశరథం చేతుల్లో పెట్టాడు. "రేపే కరీంనగర్ పో. తోలు ఏపిచ్చుకోని రా. తాళాలు నేనే కొట్టుకుంట."

మాట బాలమల్లు అందుకున్నాడు. "అంతా మంచిగనే ఉన్నది. నా పిండి ఎవలిస్తరు? బావా, మా ఇంటామె తూకమేసి ఇచ్చింది, తూకమేసి అడుగుతది!"

"నీకెందుకు పిండి? నువ్వు బొంబాయి వాయిద్యం వాయించేటోనివి," అన్నాడు దశరథం.

"గా వాయిద్యం నాది," అన్నాడు వాహెద్. "రేపటి సంది దాని మీద చెయ్యి వెయ్యాల్నంటె నన్ను అడగాలె."

నవ్వులు పందిట్లోకి వినబడి, లోపల పెట్టె వాయిస్తున్న పర్శరాములు తల తిప్పి చూశాడు.

ఇదీ జరిగింది. ఇందులో నేను కల్పించింది ఒక్కటే: మేక. ఆ రోజు బస్సు మీద మేక లేదు. శంకరవ్వ ఉన్న మాట నిజం; ఆమె పెంచినవి రెండు కోళ్లు, అవీ ఇంటి దగ్గరే ఉన్నాయి. బస్సు మీద ముసురు పడింది, పెట్టె తడిసింది, గంజి కరిగింది, అంతే. పుట్టిన నాటి నుంచి గంజి వాసనలోనే పెరిగి, దినామూ చేతుల గంజిని నీళ్లతోనే కడుక్కునే మనిషికి, గంజి నీళ్లకు కరుగుతుందని ఆ ఒక్క రాత్రి గుర్తు రాలేదని రాయబోతే నాకే చెయ్యి ఆడలేదు. పాపం, పరువుగల మనిషి. ఆయన కోసం ఒక మేకను తెచ్చి బస్సెక్కించాను.