ముల్లు లేని చేప

మా అక్కది ఉడుంపట్టు. కొడుకు పనిచేసే ఓడ తుఫానులో మునిగిందని, శవం కూడా దొరకలేదని కబురొచ్చిన రోజున, "వాడు ఇంటికొచ్చేదాకా చేప ముట్టను" అని మొక్కుకుంది. ఏళ్లు గడిచాయి. తన మెస్సులో రోజూ చేపల కూర వండి ఊరందరికీ పెడుతుంది, తను మాత్రం పచ్చడి మెతుకులతో లేస్తుంది.

అలాంటి మనిషి ఆ పొద్దున, పరాయి ఊళ్లో, లాడ్జి గదిలో తల దువ్వుకుంటూ, "మధ్యాహ్నం వాడితో కూర్చుని చేప తింటానే చెల్లీ" అంది.

'వాడు' అంటే, దిక్కులేనివాళ్ల ఆశ్రమం నుంచి మాకు ఫొటో వచ్చిన మనిషి. రేవులో తిరుగుతుంటే తెచ్చి పెట్టుకున్నారట. పేరు చెప్పలేడు, ఊరు చెప్పలేడు. ముఖం మావాడి పోలికే, కాదనను. నిన్న అక్కను చూడగానే "అమ్మా" అన్నాడు. అయితే ఏం, అక్కడి వంటమనిషినీ అలాగే పిలిచాడు. మీవాడో కాదో సాయంత్రంలోగా తేల్చి చెప్పమన్నాడు వార్డెన్.

నేను దర్జీదాన్ని. మావాడి చొక్కాలన్నీ నా చేతి మీదుగా వెళ్లినవే. అక్క దాచి తెచ్చిన చొక్కా ఇతనికి తొడిగితే, చేతులు మణికట్టుకి బెత్తెడు పైనే ఆగిపోయాయి. మనిషి చిక్కిపోవచ్చు, జుట్టు నెరిసిపోవచ్చు. పాతికేళ్లు దాటాక చేతులు పొడుగవుతాయా? అదే అంటే, "నువ్వే పొట్టిగా కుట్టి ఉంటావులే" అంది అక్క. నా పనికే వంక పెట్టింది!

ఇతని కోసం మొక్కు చెల్లించేస్తే, రేపు మావాడు నిజంగా వచ్చి గుమ్మంలో నిలబడితే ఏం చెప్పాలి? పిచ్చి అంటారా, అనండి. నేనూ వాడి కోసం ఎదురుచూస్తున్నదాన్నే.

టీ తాగడానికి బయటికెళ్తే, బస్టాండు ఎదురుగా చైనావాళ్ల శాకాహార హోటలు కనిపించింది. అద్దాల మీద చేపలు, బాతులు, రొయ్యల బొమ్మలు. ఇదేం శాకాహారమమ్మా అని అడిగితే, అన్నీ సోయాతో చేసినవేనని హోటలామె నవ్వింది. అప్పుడు తట్టింది నాకు. ఇక్కడి చేప పెట్టిస్తే అక్క ముచ్చటా తీరుతుంది, మొక్కూ చెక్కుచెదరదు. మామూలుగా నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రోజు మాత్రం నోరు కుట్టేసుకున్నాను.

మధ్యాహ్నం ఆశ్రమం నుంచి అతన్ని వెంటబెట్టుకొచ్చి, ఆ హోటల్లో ముగ్గురం గుండ్రటి బల్ల చుట్టూ కూర్చున్నాం. నాలుగో కుర్చీ ఖాళీ. బల్ల నడుమ తిరిగే అద్దం పలక ఉంది. అతను దాన్ని వేలితో తిప్పుతూ, ఆగితే మళ్లీ తిప్పుతూ కూర్చున్నాడు. చేప వచ్చింది. పొడుగాటి పళ్లెంలో, అల్లం తరుగు కప్పుకుని, నోరు తెరుచుకుని ఉంది. సముద్రపు నాచుతో చర్మం, కన్ను ఉండాల్సిన చోట మిరియపు గింజ. చెప్పి చేయించింది నేనే అయినా దాని వైపు చూడలేకపోయాను. అద్దం తిరిగి తిరిగి, చేప తల ఖాళీ కుర్చీ వైపు ఉండగా ఆగింది. మావాడు అక్కడ కూర్చుని "నా వాటా ఏది పిన్నీ?" అని అడిగినట్టే అనిపించింది. నిజంగా భయమేసింది నాకు.

అక్క పళ్లెం తనవైపు తిప్పుకుంది. ముక్క తుంచి, కళ్లు మూసుకుని, నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. చెంపల మీదుగా నీళ్లు కారిపోయాయి. తర్వాత ఇంకో ముక్క తుంచి అతని నోటికందించింది. అతను ముల్లు కోసం నాలుకతో వెతికి, ఏమీ దొరక్క, అయోమయంగా ఆమె ముఖంలోకి చూశాడు.

"ముళ్లుండవు నాన్నా, మింగెయ్" అంది అక్క.

నాకు అనుమానమొచ్చింది. అంతలో హోటలామె నీళ్లు పోయడానికొచ్చి, "బాగుందా? చేప కాదంటే ఎవరూ నమ్మరు. అంతా సోయానే" అనేసింది. చచ్చానురా దేవుడా అనుకున్నాను.

"తెలుసమ్మా" అంది అక్క. ఆమె వెళ్లాక నా వైపు తిరిగింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది. రోజూ బుట్టెడు చేపలు కడిగేదాన్ని, ఆ మాత్రం తెలీదా?"

"మరి ఊరుకున్నావేం?"

"నువ్వెందుకు తెచ్చావో అర్థమైంది కాబట్టి."

"అంటే, ఇతను మనవాడు కాదని..."

"నిన్ననే తెలుసే. కన్నదాన్ని."

"మరి చేప తింటానన్నావు?"

"తినేస్తే, వాడేనని నమ్మేస్తానేమో అనుకున్నా."

నాకు ఏడుపొచ్చింది. "పోనీలే అక్కా. సాయంత్రం కాదని చెప్పేద్దాం."

అక్క అతని గడ్డానికంటిన రసం కొంగుతో తుడిచింది. "అవుననే చెప్దాం. వీడి కోసం కూడా ఎక్కడో ఒక తల్లి ఏదో ఒకటి మానేసి కూర్చునే ఉంటుంది. ఆవిడ దొరికేదాకా వీడికి అన్నం ఎవరు పెడతారే?"

అతను ఖాళీ అయిన కంచం ముందుకు జరిపి, "అమ్మా" అన్నాడు.

"ఆఁ, వచ్చావా నాన్నా" అంటూ అక్క అతని వైపు కాక, ఎవరూ లేని వీధి తలుపు వైపు చూసింది.