ఫైల్లో శాంతమ్మ

జూన్ పదిహేడు, మంగళవారం, తెల్లవారుజామున నాలుగూ యాభైకి శాంతమ్మ గుండెపోటుతో చనిపోయిందని చేవెళ్ల దవాఖానలో డాక్టరు చెప్పాడు. దారిలో ఎక్కడ ప్రాణం పోయిందో భర్త భిక్షపతికి తెలియదు. ఆటోలో ఆమె తల అతని భుజం మీదే ఉంది. నిద్ర పట్టిందనుకున్నాడు.

ఆమెకు యాభై రెండు, అతనికి యాభై ఆరు. పిల్లలు లేరు. మొయినాబాద్ దాటాక రోడ్డు మీద నుంచి కిలోమీటరున్నర లోపల ఒక ఫామ్‌హౌస్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నారు. అతను గేటు, మోటరు, చెట్లు చూసుకునేవాడు. ఆమె ఇల్లు ఊడ్చేది, వచ్చినవాళ్లకు వండిపెట్టేది. ఈ పనులు జోడీకే ఇస్తారు. మగవాడు ఒక్కడే ఉంటే తాగి పడుకుంటాడని, ఆడమనిషి ఒక్కతే ఉంటే భయపడుతుందని అంటారు. ఇద్దరూ ఒకేసారి గేటు విడిచి పోకూడదు. ఉండడానికి వెనక ఒక గది ఇస్తారు. భిక్షపతికి వేరే ఇల్లు లేదు. దగ్గర్లోని సొంతూరు ప్రొద్దుటూరులో అతని వంతుకొచ్చిన రెండు గోడలు మూడేళ్ల కింద వానకు కూలాయి.

అదే రోజు సాయంత్రం ప్రొద్దుటూరులో సమాధి చేశారు. మట్టి వేసి చేతులు కడుక్కుంటుంటే ఆనంద్ బాబు పక్కకు పిలిచాడు. ఆ దారిలోని తొమ్మిది ఫామ్‌హౌస్‌లకు అతనే సూపర్‌వైజర్.

"అన్నా, మేడంకు ఇంకా చెప్పలే. ఊర్లె పని పడ్డదని చెప్పిన."

"చెప్పకుంటే ఎట్ల?"

"చెప్తే జోడి లేదంటరు, నిన్ను ఎల్లగొడ్తరు. మీ అక్క ఖాళీగనే ఉన్నది గద, తీస్కరా. పేరు మాత్రం మార్చొద్దు. ఫైల్ల శాంతమ్మ ఆధార్ ఉన్నది."

"మేడం గుర్తువట్టదా?"

"ఏప్రిల్‌ల గృహప్రవేశం నాడు ఒక్కపారి సూసింది, అరవై మంది నడ్మ. మన మొకాలు ఆల్లకు యాదికుంటయా అన్నా?"

ఫామ్‌హౌస్ ఆ ఏప్రిల్‌లోనే చేతులు మారింది. కొత్త యజమానులు, మేడం వాళ్లు, కోకాపేటలో ఉంటారు. గృహప్రవేశం తర్వాత ఫోన్లో మాట్లాడడమే తప్ప మళ్లీ రాలేదు. ఇక నుంచి ప్రతి ఆదివారం వస్తారని ఆనంద్ బాబు చెప్పాడు.

భిక్షపతి అక్క సంగమ్మకు అరవై ఏళ్లు. భర్త పోయి చాలాకాలమైంది. తమ్ముడు చెప్పింది చివరిదాకా విని అడిగింది.

"నీకు పెండ్లాంగ ఉండుమంటున్నడా వాడు? బాపు ఉంటే చెప్పుతోని కొడ్తుండె."

"పనికే అక్కా."

"పనైతే చేస్త తమ్మీ. ఆ పేరుతోని పిలిస్తే పలుకుడెట్ల?"

శనివారం ఇరవై ఒకటిన ఆమె ఒక సంచితో వచ్చింది. ఆదివారం పదకొండున్నరకు కారు వచ్చింది. మేడం వంటింటి గుమ్మంలో నిలబడి "శాంతమ్మా" అని పిలిచింది. సంగమ్మ పలకలేదు. రెండోసారి పిలిచాక "ఆ, అమ్మా" అంది. బయట పైపుతో చెట్లకు నీళ్లు పెడుతున్న భిక్షపతి తన కాళ్ల మీదే పోసుకున్నాడు. మోటరు ఆపడానికి అతనికి చాలా సేపు పట్టింది.

కెమెరాలు నాలుగు ఉన్నాయి. ఒకటి గేటుకు, ఒకటి వెనక గది అరుగుకు ఎదురుగా. మాటలు కూడా వినిపిస్తాయని ఆనంద్ బాబు హెచ్చరించాడు. భిక్షపతి ఆమెను అక్కా అని పిలవడం మానేశాడు. శాంతమ్మా అని పిలవలేడు. "ఓ" అనేవాడు, లేదంటే చప్పట్లు కొట్టేవాడు.

"బర్రెను పిల్చినట్టు పిలుస్తున్నవేందిరా," అంది సంగమ్మ, చీపురు అడ్డం పెట్టుకుని గుసగుసగా.

రాత్రి అతను పంపు గదిలో పడుకునేవాడు. కెమెరా అటు తిరగదు. పరామర్శకు చుట్టాలు ఫోన్ చేస్తే మామిడి చెట్ల అవతలికి పోయి మాట్లాడేవాడు. "మంచిగనే ఉన్న" అని తొందరగా పెట్టేసేవాడు. శాంతమ్మ చీరలు దండెం మీదే ఉన్నాయి. తీసేస్తే అడుగుతారు. సంగమ్మ వాటిని కట్టుకోలేదు. రెండు రోజులకొకసారి తడిపి ఆరేసేది.

జూలై ఎనిమిదిన బాల్‌రాజ్ బండి మీద వచ్చాడు. ప్రొద్దుటూరు చర్చిలో అతను సంఘ పెద్ద.

"చర్చికైతే వస్తలేవు. శాంతమ్మ పేరు మీద ఒక ప్రార్థన చేసిపోత, గేటు తియ్యి."

"ఈడ వద్దన్నా."

"ఎందుకొద్దు? పదకొండేండ్లు కాపురం చేసిన ఇల్లే గద."

భిక్షపతి పైకి చూశాడు. బాల్‌రాజ్ కూడా పైకి చూశాడు. కెమెరా కింద ఎర్రటి దీపం వెలుగుతోంది. బాల్‌రాజ్ హెల్మెట్ తీయకుండా, బండి దిగకుండా రెండు నిమిషాలు కండ్లు మూసుకున్నాడు. చూసేవాళ్లకు దారి అడగడానికి ఆగినట్టు ఉంటుంది. ఆమెన్ అని కూడా పైకి అనకుండా వెళ్లిపోయాడు.

జూలై ఇరవై, ఆదివారం. మేడం ఒక్కతే వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి వెనక అరుగు దగ్గరకు నడిచి వచ్చింది. సంగమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. భిక్షపతి పారకు కర్ర కామ బిగిస్తున్నాడు.

"శాంతమ్మా, అడగడమే మరిచిపోయాను. ఆ నొప్పి తగ్గిందా? మే నెలలో ఫోన్లో చెప్పావు కదా, ఎడమ చెయ్యి లాగుతోందని."

సంగమ్మ తమ్ముడి వైపు చూడలేదు.

"తగ్గిందమ్మా," అంది.

"తగ్గలే," అన్నాడు భిక్షపతి.

మేడం అతని వైపు తిరిగింది.

"తగ్గలేదమ్మా. శాంతమ్మ సచ్చిపోయింది. ఈమె మా అక్క, సంగమ్మ."

సంగమ్మ చాట కింద పెట్టి లేచి నిలబడింది. మేడం వెనక్కి ఒక అడుగు వేసి అరుగు అంచు మీద కూర్చుంది. ఎప్పుడని అడిగింది. అతను తారీఖు చెప్పాడు. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని అడిగింది. జోడి లేకపోతే ఉంచుకోరని చెప్పాడు. ఆమె కాదనలేదు.

"నాకు నొప్పి సంగతి చెప్పలేదమ్మా. మీకేం చెప్పింది?"

"నీకు చెబితే గేటు వదిలేసి దవాఖానకు తీసుకుపోతావంది. వానలు పడితే చెట్లకు నీళ్లు పెట్టే పని తగ్గుతుంది, అప్పుడు పోతానంది. నేను సరే అన్నాను."

"ఇంకేమన్నది?"

"మామిడికాయలు పంపాలా అని అడిగింది."

భిక్షపతి తల ఊపాడు. ఆ వేసవిలో పంపిన కాయల సంచులు అతనే కుట్టాడు. ఆమె సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది, కుడిచేత్తోనే. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. అతను చూశాడు. అడగలేదు.

మేడం వెళ్లాక అతను కెమెరా ఎదురుగా అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. నలభై నిమిషాలు. సంగమ్మ ఆపలేదు. ఆ సమయంలో దండెం మీది చీరలు తీసి మడత పెట్టింది.

నాలుగింటికి ఆనంద్ బాబు ఫోన్ చేశాడు.

"నోరు మూసుకుంటే అయిపోతుండె గదన్నా. అక్క తగ్గిందన్నది గద."

"తగ్గలే గద ఆనంద్ బాబూ."

"నా నౌకరీ గూడ పోతుండె. నెలాఖరు దాక ఉండుమన్నది మేడం. ఒకటో తారీఖు వేరే జోడి వస్తరు."

"రానియ్యి."

ఫోన్ జేబులో పెట్టుకుని, "సంగమ్మక్కా, జర చాయ్ పెట్టు," అన్నాడు మామూలు గొంతుతో.

"నెలకు నోరొచ్చిందిరా నీకు," అంది ఆమె.

ముప్పై ఒకటిన గది ఖాళీ చేశారు. సంగమ్మ చీరల మూటతో ప్రొద్దుటూరు బస్సెక్కింది. భిక్షపతి మొయినాబాద్‌లో కిరాయికి ఒక గది తీసుకున్నాడు. ఆగస్టు నాలుగు నుంచి అజీజ్‌నగర్ దగ్గర ఒక నర్సరీలో సంచులకు మన్ను నింపే పనికి పోతున్నాడు.

మొదటి రోజు ఒంటిగంటకు షెడ్డు కింద అన్నానికి కూర్చున్నారు. పక్కన కూర్చున్న మారెమ్మ ఇంట్లో ఎవరెవరున్నారని అడిగింది.

"నేనే. నా పెండ్లాం శాంతమ్మ, జూన్‌ల సచ్చిపోయింది."

"అయ్యో. మరి వంటెవలు చేస్తరన్నా?"

"నేనే చేస్త."

ఆమె అతని గిన్నెలోంచి పప్పు చెంచాతో తీసుకుని నోట్లో వేసుకుంది.

"తెలుస్తనే ఉన్నది," అంది. ఉప్పు పొట్లం అతని వైపు జరిపింది.

భిక్షపతి చిటికెడు వేసి కలుపుకుని తిన్నాడు.