ముసుగుల్లో తొమ్మిదిమంది

అయిదు వారాలుగా ఒబ్దులియాకు ఒకటే ఆరాటం. వేరే ఊళ్లో కాలేజీ చదువుతున్న కూతురు యారెలీ గురువారం సాయంత్రాలు ఫోనెత్తదు. ఎందుకెత్తవే అంటే, "చెప్పనని మాటిచ్చానమ్మా" అంటుంది. కన్నతల్లికి చెప్పకూడనిదేమిటి? శాన్ ఆంటోనియోలో ఒబ్దులియా పనిచేసే బడి వంటశాలలో అందరూ ఇది కుర్రాడి వ్యవహారమేనని తేల్చేశారు. ఆమె నమ్మలేదు. బేకరీలో తనకేం కావాలో చెప్పడానికి కూడా అమ్మ చెయ్యి లాగే పిల్ల అది. డాక్టరు దగ్గరైనా, టీచరు దగ్గరైనా దాని తరఫున తనే మాట్లాడేది.

శనివారం బస్సెక్కింది. వ్యవహారం బాగాలేదనిపిస్తే పిల్లని వెంటబెట్టుకొచ్చి ఊళ్లో కాలేజీలోనే చేర్పించాలని నిశ్చయించుకునే ఎక్కింది.

హాస్టల్లో యారెలీ లేదు. అదే గదిలో ఉండే బ్రిసా ఈవిణ్ణి చూసి నాలిక కరుచుకుంది.

"ఎక్కడుందే అది?"

"నన్నడక్కండాంటీ! మూడింటికి లైబ్రరీ ముందుకి రండి, మీరే చూద్దురుగాని."

"ఏవుందక్కడ? పెళ్లా?"

"అంతకంటే పెద్దదే" అని పకపకా నవ్విందా పిల్ల.

లైబ్రరీ ముందు పూలగుత్తులతో తల్లులూ పిన్నులూ గుమిగూడారు. పక్కనున్న లావుపాటావిడ సంగతి చెప్పింది. లాటీనా అమ్మాయిలు, అంటే మెక్సికోలాంటి దేశాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు, కాలేజీలో పెట్టుకున్న సోదరీ సంఘమట. కొత్తగా చేరేవాళ్లు ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పకూడదట. "ముసుగు తీసేదాకా ఎవరు ఎవరో తెలియకూడదు. మా అమ్మాయి రమ్మంది గానీ ఎందుకో చెప్పలేదు, దొంగపిల్ల!"

యారెలీ తనని రమ్మని కూడా అనలేదు.

నల్ల బట్టల్లో, ముసుగుల్లో తొమ్మిదిమంది వచ్చారు, ముందున్నవాళ్ల భుజం మీద చెయ్యేసి, ఒకే అడుగు వేస్తూ. నాలుగో పిల్ల కొంచెం కాళ్లు లోపలికి తిప్పి నడుస్తోంది. ఇదే నాది, అనుకుంది. కన్నతల్లి పోల్చుకోలేదూ! ఇక దాని మీంచి చూపు తిప్పలేదు.

మూడో పిల్ల గొంతెత్తింది. సంఘం పెట్టిన ఆడవాళ్ల పేర్లు ఒక్కొక్కటే ఆ పిల్ల అరుస్తుంటే మిగిలినవాళ్లు వంత పలుకుతున్నారు. కిటికీ అద్దాలు అదిరే గొంతు. ఎవరి పిల్లోగానీ, దీని తల్లి అదృష్టవంతురాలు, అని ఒబ్దులియా నిజంగానే కుళ్లుకుంది.

ముసుగులు తీయడం మొదలైంది. ఒక్కొక్కరూ పేరూ, తమవాళ్ల ఊరూ చెప్పాలి. మొదటి పిల్ల చెప్పింది, రెండోదీ చెప్పింది. మూడో ముసుగు తొలగింది.

యారెలీ!

కూతురు తల్లిని చూసింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. గొంతు రాలేదు. జనం చూస్తున్నారు, వెనక ఆరుగురు కాచుకునున్నారు. "అది యారెలీ బుస్తోస్, మాది జకతేకాస్" అనే మాట ఒబ్దులియా నాలిక చివరిదాకా వచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది. అంతకంటే కష్టమైన పని ఆమె ఎప్పుడూ చేయలేదు.

"యారెలీ బుస్తోస్!" అని అరిచింది పిల్ల. "మావాళ్లది జకతేకాస్!"

అంతా అయ్యాక వచ్చి తల దించుకుని నిలబడింది.

"నన్నెందుకు పిలవలేదే?"

"నువ్వుంటే నా నోరు పెగలదనుకున్నానమ్మా."

చెంపదెబ్బలా తగిలింది. పిల్లని దగ్గరకి లాక్కుని గట్టిగా వాటేసుకుంది, తర్వాత సాయంత్రం బస్సు ఒక్కతే ఎక్కింది.