బాపట్ల ఫిల్ము సొసైటీ తెర

నేను ఒక తెరగుడ్డను. చీరాల మగ్గం మీద పుట్టాను. నన్ను నేసినవాడు దుప్పట్లకనుకున్నాడు. బాపట్ల ఫిల్ము సొసైటీవాళ్లు కొనుక్కుపోయి, ముక్కలు కలిపి కుట్టించి, గ్రంథాలయం మేడ మీది హాల్లో కట్టారు. అప్పట్నుంచీ నా మీద గుర్రాలు తొక్కాయి, ఓడలు మునిగాయి, ఎంతమందో పడి చచ్చారు. ఒళ్లు అలిసిపోయింది. అందరూ నా వంకే చూస్తారు, నన్ను మాత్రం ఎవరూ చూడరు.

సొసైటీ కార్యదర్శి దక్షిణామూర్తి మాస్టారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఒక జపాను సినిమా అంటే ఆయనకు ప్రాణం, ఏటా వార్షికోత్సవానికి అదే వేస్తారు. ఎప్పటిదో గ్రీకు విషాద నాటకాన్ని జపాను దొరల యుద్ధాల కాలానికి మార్చి తీసిన సినిమా. అన్నదమ్ములిద్దరు కోట కోసం కొట్టుకుని చస్తారు. కోట చేజిక్కించుకుని దొరైన ముసలి మేనమామ, వాళ్లలో తిరగబడ్డవాడి శవాన్ని ఎవరూ ముట్టుకోవద్దని, కొండ మీద కాకులకు వదిలెయ్యమని ఆజ్ఞ వేస్తాడు. చెల్లెలు ఒక్కతే తెల్లారగట్ల కొండెక్కి అన్న మీద దోసెడు మట్టి పోస్తుంది. ఆ పనికి ఆమె చావాలి, ఆమె వెనకాలే ఆమెను చేసుకోవలసిన దొరగారి కొడుకూ చావాలి.

నాకు సినిమాలంటే మోజేమీ లేదు. కానీ ఆ కొండ దృశ్యం వేరు. అంతా పొగమంచు. మాట లేదు, సంగీతం లేదు, పిల్ల పాదాల కింద రాళ్ల చప్పుడొక్కటే. ఆ మంచులో సగం నా తెలుపే. మిగతా సినిమాలు నన్ను కప్పేస్తాయి, ఇదొక్కటే నన్ను కలుపుకుంటుంది. ఆ కాసేపూ నాకు బడలిక తెలిసేది కాదు.

ఆట అయ్యాక మాస్టారు లేచి మాట్లాడేవారు. "ఆ దొర దుర్మార్గుడు కాడండీ. ఒకసారి ఆడిన మాట వెనక్కి తీసుకోలేని మనిషి, అంతే," అనేవారు. వెక్కుతూ, కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేవారు. జనం చప్పట్లు కొట్టేవారు.

మాస్టారికి కాశీపతి అని ఒక్కడే తమ్ముడు. పెళ్లాం పిల్లలు లేరు. ఇంటి నడిమి గోడ కోసం అన్నను కోర్టుకీడ్చాడు. ఆనాటి నుంచీ ఎవరడిగినా "నాకు తమ్ముడు లేడు" అనేవారు మాస్టారు. మనుషులు సినిమాల్లో నేర్చుకున్నది సినిమాల్లోనే దాచుకుంటారు కాబోలు.

ఈసారి వార్షికోత్సవం నాడు ఆట మొదలయ్యాక మాస్టారి భార్య భ్రమరాంబ మెట్లెక్కి వచ్చింది. కాశీపతి మధ్యాహ్నం గవర్నమెంటాస్పత్రిలో పోయాడు.

"ఏమండీ, సొంతవాళ్లెవరూ రాకపోతే అనాథ శవాల్లో వేస్తామంటున్నారు ఆస్పత్రివాళ్లు. ఓ గుడ్డ తీసుకురమ్మన్నారు. మీరు రండి."

"జనం కూచున్నారు. ఆట ఆగదు."

"మరిదిగారు పోయారండీ."

"చెప్పాను కదా, వాడితో నాకేం పని లేదని."

ఆమె జనం మధ్య నుంచి నడిచి నా దగ్గరకొచ్చింది. ఆమె వీపు మీద, చీర మీద దొరగారి గుర్రాలు పరిగెత్తాయి. నన్ను కట్టిన తాళ్లు ఒక్కొక్క ముడే విప్పింది. ముందు వరసలో ఒకాయన "అమ్మా, ఆట..." అని సగంలో ఊరుకున్నాడు. నేను జారి కింద పడ్డాను. దొరగారి ముఖం పెచ్చులూడిన గోడ మీద పడింది.

"మీరు గోడ మీద చూసుకోండి," అని ఆమె నన్ను చంకన పెట్టుకుని మెట్లు దిగింది.

ఆస్పత్రి వెనక గదిలో నన్ను మడతలేసి కాశీపతికి కప్పింది. బక్క మనిషి. నా కింద కదలకుండా పడుకున్నవాడు వీడొక్కడే. వీడు లేచి పోడు, వెలుగు ఆర్పితే మాయం కాడు. నాకు భయం వేసింది, జాలి కూడా వేసింది.

సినిమా ఎంతదాకా నడిచిందో తెలియదు. మాస్టారు వచ్చారు. చెప్పులు గుమ్మంలో వదిలి నా ముందు నిలబడ్డారు. ఇన్నేళ్లూ నా మీద పడ్డ చావులకు వెక్కి వెక్కి ఏడ్చిన మనిషికి, నా కిందున్న చావుకు ఒక్క చుక్క రాలేదు. భ్రమరాంబ గోడకానుకుని కూచుంది.

ఆస్పత్రి మనిషి వచ్చి అడిగాడు. "తమరెవరండీ? ఈయన తాలూకానేనా?"

మాస్టారు వంగి, బయటికి కనిపిస్తున్న పాదాల మీదికి నన్ను లాగారు.

"మా తమ్ముడయ్యా."