ముడి కట్టిన లెక్కలు

ఫల్గుణ మాస్టారు చెడ్డవాడని ఎవరైనా అంటే కళ్ళు పోతాయి. ఆయనా కొండబిడ్డే. అనంతగిరి పైన ఆశ్రమ పాఠశాలలో పదకొండేళ్ళుగా లెక్కలు చెబుతున్నాడు. జ్వరమొచ్చిన పిల్లల్ని భుజాన వేసుకుని ఆసుపత్రికి ఆరు మైళ్ళు నడిచిన మనిషి. ఆ మనిషే కనక గొంతు కోశాడు. కావాలని కాదు, ప్రేమతో. అందుకే మరీ కడుపు మండుతుంది.

కనక సుక్రు కూతురు. దానికి పదేళ్ళప్పుడు, కాఫీ మొక్కలు పంచడానికొచ్చిన ఆఫీసు వాళ్ళు సుక్రు వాలు మీద గుంతలెన్ని పడతాయో తేలక టేపు పట్టుకుని కిందా మీదా పడుతున్నారు. మేకల్ని తోలుకుపోతున్న కనక ఒక్క క్షణం ఆగి, "పాతిక వరసలు, వరసకి ముప్పై ఆరు. తొమ్మిదొందల మొక్కలు తెండి" అని తన దారిన తను పోయింది. వాళ్ళు కాగితం మీద వేసి చూస్తే సరిగ్గా అంతే. ఆ రోజు నుంచి మాస్టారికి ఆ ఆడగుంటంటే ప్రాణం.

తొంభై ఎనిమిదిలో కనక పదో తరగతి పరీక్షలు రాసింది. ఆ ఏడాది పది పాసయ్యే పిల్లలకి విశాఖలో ఒక రెసిడెన్షియల్ కాలేజీ వాళ్ళు ప్రవేశ పరీక్ష పెట్టారు. మొత్తం యాభై లెక్కలు. ఏజెన్సీ కొండల పిల్లలకి ఆరు సీట్లు. సీటొస్తే ఇంటరు చదువు, తిండి, పుస్తకాలు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. రాకపోతే చదువు అంతటితో సరి. కాఫీ తోటలో పనికి మనిషి కావాలని సుక్రు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

మాస్టారు ఎక్కడెక్కడివో పాత ప్రశ్నపత్రాలు తెప్పించాడు. ఎర్ర పెన్ను తీసి, ప్రతి పత్రంలోనూ చివరి ఇరవై లెక్కల పక్కన చిన్న చిన్న ముడులు గీశాడు. కొండల్లో అందరికీ తెలిసిన గుర్తే అది. తేనెపట్టుని ముందుగా చూసినవాడు ఆ చెట్టుకి గడ్డిపోచలు మెలేసి ముడి కట్టి వెళ్తాడు. ఇక ఆ పట్టు వాడిది. కడుపు మాడిపోతున్నా ఇంకొకడు చెయ్యి పెట్టడు.

"ఇవి పట్నం పిల్లల లెక్కలు కనకా. ముడి కట్టేసినవనుకో. మనవి కావు," అన్నాడు. "ముందున్న ముప్పై తప్పుల్లేకుండా చెయ్. మన కోటాకి ముప్పై బోలెడు."

ఓసారి కనక ముడి గీసిన లెక్కొకటి చేసి తెచ్చింది. జవాబు సరిగ్గానే ఉంది. మాస్టారు చూశాడు కూడా. చూసి ఏమన్నాడయ్యా అంటే, "ఏదో గుడ్డిగా తగిలిందిలే. వీటితో ఆడుకుంటే చేతిలో ఉన్నవీ పోతాయి. ముడి కట్టినదాన్ని ముట్టొచ్చా?" అన్నాడు. గుంట సిగ్గుపడి కాగితం మడిచేసుకుంది. మళ్ళీ ఎప్పుడూ తేలేదు.

ఆయన భయం ఆయనది. తన పదహారో ఏట ఇలాంటి పరీక్షకే వెళ్తే, హాల్లో ఒకాయన "కొండోడివి, నీకెందుకురా ఈ లెక్కలు" అని నవ్వాడు. ఆ నవ్వుకి వచ్చినవి కూడా మర్చిపోయి, చెమటలు కక్కుకుంటూ బయటపడ్డాడు. ఆ దెబ్బ కనకకి తగలకూడదనుకున్నాడు పిచ్చి మారాజు. తప్పు నవ్వినవాడిదని ఇన్నేళ్ళలో ఒక్కనాడూ అనుకోలేదు. లెక్కలదే అనుకున్నాడు.

పరీక్షకి మాస్టారే వెంటబెట్టుకు వెళ్ళాడు. పరీక్ష అయిన మర్నాడు పొద్దున్నే ఇద్దరూ తిరుగు ప్రయాణానికి కిరండూల్ ప్యాసింజరెక్కారు. శివలింగపురం దాటి రైలు కొండెక్కుతుండగా అడిగాడు.

"ఎన్ని సేసినావమ్మా?"

"ముప్పయ్యీ సేసినాను మాస్టారూ. అన్నీ రైటే."

"శభాష్. టైము సరిపోయిందా?"

"సగం టైము మిగిలిపోనాది. ఊరికే కూకోలేక తక్కినవి మనసులో సేసుకున్నాను."

 మాస్టారు దాని సంచీలోంచి ప్రశ్నపత్రం తీసి, పెన్సిలు పట్టుకుని, "ముప్పై ఒకటోది ఏటొచ్చింది?" అన్నాడు.

"నూట నలభై నాలుగు."

ఆయన పత్రం మార్జిన్‌లో వేసి చూశాడు. నూట నలభై నాలుగే. ముప్పై రెండోది అడిగాడు. ముప్పై మూడోది. సొరంగం వస్తే ఆగడం, వెలుగు రాగానే మళ్ళీ అడగడం. బొర్రా స్టేషను దగ్గరపడేసరికి ఇరవైలో పదిహేడు సరిపోయాయి.

"మరి రాయలేదేమే?" అన్నాడు. 

"మనవి కావు కదా మాస్టారూ. హాల్లో సారు కూడా మా బెంచీ దగ్గరకొచ్చి, ఏజెన్సీ పిల్లలు ఆఖరి లెక్కల జోలికి పోవద్దు, మీ వల్ల కాదు అన్నారు. మీరూ అదే అన్నారు, ఆ సారూ అదే అన్నారు. నాకే ఏదో తప్పు తోస్తన్నాదని వదిలీసినాను."

ఇంకో సొరంగం వచ్చింది. ఆ చీకట్లో మాస్టారు తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. వెలుగొచ్చేసరికి మొహం తుడుచుకుని, బఠాణీలు కొనిపెట్టాడు.

జూన్‌లో ఫలితాలొచ్చాయి. ఏజెన్సీ కోటాలో ఆఖరి సీటు ముప్పై నాలుగు చేసిన పాడేరు వైపు గుంటకి వెళ్ళింది. ఆ గుంటకి ఎవరూ ముడులు గీసి ఇవ్వలేదు కాబోలు.

మాస్టారు వానలో తడుస్తూ కొండెక్కాడు. కనక కాఫీ తోటలో కలుపు తీస్తోంది. అవే తొమ్మిదొందల మొక్కలు, నడుం ఎత్తు దాటి పెరిగాయి. సీటు రాలేదన్న మాట విని తలూపింది. ఆయన దాని ఎదురుగా బురదలోనే కూలబడ్డాడు.

"తప్పు నాది కనకా. ఆ ఇరవై కూడా నీవే. మొదట్నుంచీ నీవే."

కనక చేతిలో గడ్డి అలాగే పట్టుకుని ఆయన వైపు చూసింది.

"నావైతే మరి మీరెందుకు ముడి కట్టినారు మాస్టారూ?"

కోపంతో అడగలేదు. నిజంగా తెలియకే అడిగింది. మాస్టారు తల దించుకుని, ఎదురుగా ఉన్న మొక్క మొదట్లో కలుపు పీకడం మొదలుపెట్టాడు. కనక చేతిలోని గడ్డి గట్టు మీదకి విసిరి, పక్క వరసలోకి జరిగింది.